పోర్ట్‌లెట్ ఏ పద్ధతిలో కట్టాలి: షిఫ్ట్ బస్సుల పెట్టెతో ఒక లెక్క

పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకోండి. మూడు షిఫ్టులు నడుస్తాయి. శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం మీదుగా కొన్ని బస్సులు, విజయనగరం నుంచి నాతవలస మీదుగా కొన్ని వస్తాయి. ఉద్యోగులందరికీ ఒక పోర్టల్ ఉంది. లాగిన్ అవగానే సెలవు దరఖాస్తు, పే స్లిప్, క్యాంటీన్ మెనూ, సర్క్యులర్లు ఒకే పేజీలో వేర్వేరు పెట్టెల్లో కనిపిస్తాయి. ఒక్కో పెట్టె ఒక్కో పోర్ట్‌లెట్. ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ వచ్చి, "బండి ఎచ్చెర్ల దాటీసిందా లేదా అన్నది తెలిస్తే చాలండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ పని మీ నెత్తిన పడింది.

ఇక్కడ టీమ్‌లో మొదలయ్యే గొడవ అందరికీ తెలిసిందే. ఒకరు రియాక్ట్ అంటారు, ఇంకొకరు స్ప్రింగ్ అంటారు, ఓ సీనియర్ "జేఎస్‌పీ చాలదా" అంటాడు. రియాక్ట్ బ్రౌజర్‌లో స్క్రీన్ గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, స్ప్రింగ్ సర్వర్ వైపు జావా ఫ్రేమ్‌వర్క్, జేఎస్‌పీ సర్వర్‌లోనే హెచ్‌టీఎంఎల్ తయారుచేసే జావా పద్ధతి. నా మాట ఏంటంటే, పోర్టల్ మొత్తానికీ ఒకే పద్ధతి అని ఖాయం చేయకండి. పెట్టెను బట్టి పద్ధతి. అది కూడా వాదించుకుని కాదు, చిన్న ముక్కను రెండు పద్ధతుల్లో కట్టి, ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, కావాలని ఇబ్బంది పెట్టి చూశాక. ఉదాహరణలు ఎక్కువగా లైఫ్‌రే అనే పోర్టల్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇస్తున్నాను. ఒకప్పటి ఐబీఎం వెబ్‌స్పియర్ పోర్టల్, అంటే 2019లో హెచ్‌సీఎల్ చేతికి వచ్చిన డిజిటల్ ఎక్స్‌పీరియన్స్ మీద పనిచేసేవాళ్లకు కొన్ని పేర్లు మారతాయి, లెక్క మారదు.

1. మీ పోర్టల్ వయసు తెలుసుకోండి

కోడ్ తెరిచే ముందు పోర్టల్ వెర్షన్ ఏదో, అది ఏ పోర్ట్‌లెట్ ప్రమాణాన్ని పాటిస్తుందో చూడండి. జావా ప్రమాణాలకు జేఎస్ఆర్ అని నంబర్లు ఉంటాయి. మొదటి పోర్ట్‌లెట్ ప్రమాణం జేఎస్ఆర్ 168, 2003లో వచ్చింది. అందులో ఒకే అప్లికేషన్‌లోని పోర్ట్‌లెట్లు సెషన్ పంచుకోవడం తప్ప, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి లేదు. 2008లో వచ్చిన జేఎస్ఆర్ 286 ఆ లోటు తీర్చింది. ఈవెంట్లు, పబ్లిక్ రెండర్ పారామీటర్లు (పోర్ట్‌లెట్లు పంచుకునే విలువలు), అన్నిటికంటే ముఖ్యంగా రిసోర్స్ దశ, అంటే పేజీ మొత్తం మళ్లీ గీయకుండా డేటా మాత్రమే పంపే దశ, అందులో వచ్చాయి. అజాక్స్‌తో, అంటే పేజీ రీలోడ్ కాకుండా, డేటా తెచ్చుకునే పని ఒక పద్ధతిలో పడింది అప్పుడే. 2017 నాటి జేఎస్ఆర్ 362 మరిన్ని అనొటేషన్లు, సీడీఐ (కావాల్సిన ఆబ్జెక్టులను కంటైనరే అందించే జావా పద్ధతి), పేజీ హెడ్‌లోకి రాసే హెడర్ దశ తెచ్చింది.

ఇది చరిత్ర పాఠం కాదు. మీ పోర్టల్ ఎక్కడ ఆగిపోయిందో దాన్నిబట్టి సగం పద్ధతులు వాటంతటవే తప్పుకుంటాయి. స్ప్రింగ్ విషయమే చూడండి. స్ప్రింగ్ పోర్ట్‌లెట్ ఎంవీసీని ఏళ్ల తరబడి అందరూ వాడారు. 2017లో స్ప్రింగ్ 5 వచ్చేసరికి దాన్ని పూర్తిగా తీసేశారు. తర్వాత లైఫ్‌రే వాళ్లు పోర్ట్‌లెట్‌ఎంవీసీ4స్ప్రింగ్ అనే పేరుతో దాన్ని కొనసాగించారు. పాత ట్యుటోరియల్ చూసి మామూలు స్ప్రింగ్ కొత్త వెర్షన్ పెట్టుకున్నవాళ్లకు దాని మూల క్లాస్ డిస్పాచర్ పోర్ట్‌లెట్టే దొరకదు.

2. కాగితం మీద కొన్ని ప్రశ్నలు రాసుకోండి

ఈ పెట్టె ఒకే పేజీలో ఒకటికంటే ఎక్కువసార్లు వస్తుందా? బస్సుల విషయంలో వస్తుంది. సూపర్‌వైజర్‌కు శ్రీకాకుళం రూట్ ఒక పెట్టెలో, విజయనగరం రూట్ ఇంకో పెట్టెలో పక్కపక్కన కావాలి. కాబట్టి ఏ రూట్ అన్నది కోడ్‌లో రాసేది కాదు, ప్రతి కాపీకి విడిగా ఉండే ప్రిఫరెన్స్, అంటే పోర్టల్ దాచుకునే సెట్టింగ్.

ఆ ప్రిఫరెన్స్ ఎవరిది? ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. లైఫ్‌రేలో మామూలుగా పోర్ట్‌లెట్ ప్రిఫరెన్స్ పేజీకి చెందుతుంది, మనిషికి కాదు. మార్చే అనుమతి ఉన్న ఒకరు రూట్ మారిస్తే ఆ పేజీ చూసే అందరికీ మారిపోతుంది. చిలకపాలెంలో ఎక్కే ఆయన తన స్టాప్ పెట్టుకుంటే విజయనగరం వాళ్లకు కూడా చిలకపాలెమే కనిపిస్తుంది. ఎవరిది వాళ్లకే ఉండాలంటే ప్రిఫరెన్స్ గ్రూప్‌ది కాదని పోర్ట్‌లెట్ సెట్టింగుల్లో స్పష్టంగా చెప్పాలి. సూపర్‌వైజర్ పేజీకి ఒకటి, ఉద్యోగి పేజీకి ఇంకొకటి కావాల్సి వస్తే, మొదట్లోనే రెండు వేర్వేరు పోర్ట్‌లెట్లుగా రాయడం సుఖం.

పక్క పెట్టెతో దీనికి పనుందా? సెలవు ఆమోదమైన రోజు బస్సు సీటు ఖాళీగా చూపించాలంటే ఉన్నట్టే. అయితే ఆ మాట బ్రౌజర్‌లో చెప్పుకోవాలా, డేటాబేస్‌లో చెప్పుకుంటే సరిపోతుందా? నన్నడిగితే పదింట తొమ్మిది సార్లు డేటాబేస్ చాలు.

ఆఖరిది, రెండేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు? రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు స్ప్రింగ్ బూట్ తెలుసు, రియాక్ట్ తెలుసు. పోర్ట్‌లెట్ అన్న మాట మాత్రం ఉద్యోగంలో చేరాకే వింటారు. బాగా చేసేవాళ్లు కాస్త అనుభవం రాగానే విశాఖో హైదరాబాదో వెళ్లిపోతారు. కాబట్టి "ఏది గొప్ప పద్ధతి" అని కాకుండా "కొత్తగా వచ్చినవాడు వారంలో చదివి అర్థం చేసుకోగలిగేది ఏది" అని అడగండి.

3. మొదట పచ్చిగా, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా కట్టండి

చివరికి ఏది వాడినా సరే, మొదటి నమూనా మాత్రం ప్రమాణంలోనే ఉండే జెనరిక్ పోర్ట్‌లెట్ క్లాస్ నుంచి నేరుగా రాయండి. ఒక రోజు పని. దీన్ని దాటేసినవాళ్లు తర్వాత ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే ఎర్రర్లు చదవలేక తలపట్టుకుంటారు.

వ్యూ, ఎడిట్, హెల్ప్ అని మూడు మోడ్లు ఉంటాయి. వ్యూలో బస్సుల పట్టిక, ఎడిట్‌లో రూట్ ఎంచుకునే ఫారం. హెల్ప్ ఎవరూ చూడరు, వదిలేయండి. ఫారం సబ్మిట్ చేస్తే యాక్షన్ దశ నడుస్తుంది, అది ఆ ఒక్క పోర్ట్‌లెట్‌కే. తర్వాత పేజీలో ఉన్న పోర్ట్‌లెట్లన్నిటికీ రెండర్ దశ నడుస్తుంది. అంటే సెలవు ఫారం నొక్కినా మీ బస్సు పెట్టె మళ్లీ తన పట్టిక గీసుకోవాలి. రెండర్ కోడ్‌లో డేటాను మార్చే పని ఏదీ పెట్టకూడదనేది అందుకే. ప్రిఫరెన్స్‌ను రెండర్‌లో సేవ్ చేయబోతే ఎక్సెప్షన్ రావాలని ప్రమాణం చెబుతుంది. కానీ రెండర్‌లో డేటాబేస్ అప్‌డేట్ రాస్తే ఎవరూ ఆపరు, పక్క పెట్టెలో బటన్ నొక్కినప్పుడల్లా అది నడుస్తూనే ఉంటుంది.

పోర్టల్ పేజీ వాటాలేసి అద్దెకిచ్చిన ఇల్లు లాంటిది. వీధి గుమ్మం, కొళాయి అందరివీ. మీ జేఎస్‌పీలో హెచ్‌టీఎంఎల్, హెడ్, బాడీ ట్యాగులు రాయకూడదు, అవి ఇంటివాళ్లవి. ఐడీలు కూడా ఉమ్మడి సొత్తే. పట్టికకు "బస్‌టేబుల్" అని ఐడీ పెట్టి, పెట్టెను రెండుసార్లు పేజీలో వేస్తే జావాస్క్రిప్ట్‌కు ఎప్పుడూ మొదటిదే దొరుకుతుంది. విజయనగరం పెట్టెలో రిఫ్రెష్ నొక్కితే శ్రీకాకుళం పట్టిక మారుతుంది. ప్రతి ఐడీకి ముందు పోర్ట్‌లెట్ నేమ్‌స్పేస్ ట్యాగ్, అంటే ఒక్కో కాపీకి పోర్టల్ ఇచ్చే ప్రత్యేక ముందుపేరు, తగిలించడమే దీనికి మందు.

నేమ్‌స్పేస్‌తోనే ఇంకో చిక్కు ఉంది, లైఫ్‌రేకు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనూ ఒకసారి కొట్టేది. 6.2 వెర్షన్ నుంచి ఫారం ఫీల్డుల పేర్లకు కూడా నేమ్‌స్పేస్ లేకపోతే పోర్టల్ వాటిని మీ పోర్ట్‌లెట్ దాకా రానివ్వదు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. యాక్షన్‌లో పారామీటర్ చదివితే నల్ వస్తుంది, అంతే. పోర్టల్ ఇచ్చే ఇన్‌పుట్ ట్యాగులు వాడితే నేమ్‌స్పేస్ అదే పడుతుంది, మామూలు హెచ్‌టీఎంఎల్ ఇన్‌పుట్ రాసుకుంటే మీరే తగిలించాలి. నేమ్‌స్పేస్ అక్కర్లేదని చెప్పే సెట్టింగ్ ఒకటి ఉంది. పాత పోర్ట్‌లెట్‌ను తాత్కాలికంగా నిలబెట్టడానికి తప్ప దాన్ని ముట్టుకోకండి.

4. అదే పెట్టెను ఎంవీసీలోకి మార్చండి

పచ్చి నమూనాలో యాక్షన్లు మూడు నాలుగు అయ్యేసరికి ఇఫ్‌లు, ఎల్స్‌లు పేరుకుంటాయి. డేటా, స్క్రీన్, వాటిని కలిపే కంట్రోలర్ విడివిడిగా రాసే పద్ధతే ఎంవీసీ. ఇక్కడ రెండు దార్లు. మొదటిది లైఫ్‌రే సొంత ఎంవీసీ పోర్ట్‌లెట్. రెండర్ కమాండ్, యాక్షన్ కమాండ్, రిసోర్స్ కమాండ్ అని ఒక్కో పనికి ఒక్కో చిన్న క్లాస్ రాస్తారు. ప్రతి కమాండ్‌కు ఒక పేరు ఉంటుంది, యూఆర్ఎల్‌లో ఆ పేరు వస్తే ఆ క్లాస్ నడుస్తుంది. రెండోది పోర్ట్‌లెట్‌ఎంవీసీ4స్ప్రింగ్. కంట్రోలర్లు, అనొటేషన్లు, వ్యాలిడేషన్ అన్నీ స్ప్రింగ్ తెలిసినవాళ్లకు అలవాటైన తీరులోనే ఉంటాయి.

వీటిలో ఎంపిక అభిరుచిని బట్టి కాదు, ఎలా డిప్లాయ్ అవుతుందన్న దాన్నిబట్టి చేయండి. లైఫ్‌రే 7 నుంచి అన్నీ ఓఎస్‌జీఐ మాడ్యూళ్లు, అంటే నడుస్తున్న సర్వర్‌లోనే పెట్టి తీయగల జావా ముక్కలు. ఎంవీసీ పోర్ట్‌లెట్ చిన్న జార్‌గా పోతుంది, పోర్టల్‌ను ఆపకుండా మార్చుకోవచ్చు. స్ప్రింగ్‌ది వార్ ఫైలు, స్ప్రింగ్ లైబ్రరీలన్నీ తనతో మోసుకొస్తుంది. స్ప్రింగ్ పోర్ట్‌లెట్లు పది ఉంటే పది సెట్ల లైబ్రరీలు మెమరీలో కూర్చుంటాయి. మరోవైపు ఓఎస్‌జీఐలో ఒక డిపెండెన్సీ దొరక్కపోతే మాడ్యూల్ యాక్టివ్ కాకుండా ఉండిపోతుంది, కారణం చెప్పే మెసేజ్ చదవడానికి ఓపిక కావాలి. గోగో షెల్ అనే కమాండ్ లైన్‌లో మాడ్యూల్ స్థితి చూడటం టీమ్‌లో కనీసం ఇద్దరికి రావాలి.

సెలవు దరఖాస్తు లాంటి ఫారాల పెట్టెలకు నా ఓటు ఎంవీసీకే. అనుమతులు, ఎర్రర్ మెసేజ్‌లు, భాషల ఫైళ్లు అన్నీ పోర్టల్‌వే వాడుకోవచ్చు. తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లో పెట్టె కావాలంటే ఇదే తక్కువ శ్రమ.

5. జేఎస్ఎఫ్ ఉంటే ఉంచండి, లేకపోతే తేకండి

జేఎస్ఎఫ్ అంటే రెడీమేడ్ భాగాలతో స్క్రీన్ కట్టే జావా ఫ్రేమ్‌వర్క్. కంపెనీలో ఇప్పటికే దాని లైబ్రరీ ప్రైమ్‌ఫేసెస్‌తో కట్టిన అప్లికేషన్ ఉండి, దాన్ని పోర్టల్‌లో చూపించాలంటే బ్రిడ్జి వాడొచ్చు. జేఎస్ఎఫ్ జీవనచక్రాన్ని పోర్ట్‌లెట్ దశలకు కలిపేది అదే. జేఎస్ఆర్ 329 అనేది రెండో తరం (జేఎస్ఆర్ 286) పోర్ట్‌లెట్లకు రాసిన బ్రిడ్జి ప్రమాణం. తేదీలు, పట్టికలు, ఫైల్ అప్‌లోడ్ రెడీమేడ్‌గా దొరుకుతాయి.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. జేఎస్ఎఫ్‌లో అజాక్స్ పిలుపులు రిసోర్స్ దశలో నడుస్తాయి. రెండో తరం ప్రమాణంలో ఆ దశ నుంచి రెండర్ పారామీటర్ మార్చలేరు, పక్క పోర్ట్‌లెట్‌కు ఈవెంట్ పంపలేరు. పైగా స్క్రీన్ స్థితి మామూలుగా సెషన్‌లో దాచుకుంటుంది కాబట్టి షిఫ్ట్ మారే వేళ అందరూ ఒకేసారి లాగిన్ అయితే మెమరీ మీద ఆ బరువు తెలుస్తుంది. కొత్త పెట్టెకు మాత్రం నేను జేఎస్ఎఫ్ జోలికి పోను.

6. రియాక్ట్ కావాలంటే, ఎక్కడ నడుస్తుందో ముందు తేల్చండి

జావాస్క్రిప్ట్ పద్ధతి అంటే ఒకటి కాదు. పోర్ట్‌లెట్ ఒక ఖాళీ డివ్ మాత్రమే పంపి, లోపలంతా రియాక్ట్ గీయడం ఒకటి. లైఫ్‌రే 7.4లో వచ్చిన క్లయింట్ ఎక్స్‌టెన్షన్‌గా, కస్టమ్ ఎలిమెంట్ (సొంతంగా చేసుకున్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) రూపంలో పెట్టడం ఇంకొకటి. రెండో దాంట్లో మీ కోడ్ పోర్టల్ నడిచే జావా ప్రాసెస్ (జేవీఎం)లోకి అసలు వెళ్లదు. పోర్టల్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు దీని విలువ తెలుస్తుంది. జావా కోడ్ ఉన్న మాడ్యూల్ అయితే ప్రతి పెద్ద అప్‌గ్రేడ్‌కూ తిరిగి కంపైల్ చేసి, మారిన ఏపీఐలు సరిచూసుకోవాలి.

డేటా ఎలా తెస్తారన్నది తర్వాతి ప్రశ్న. రిసోర్స్ యూఆర్ఎల్ ద్వారా తెస్తే లాగిన్ అయిన మనిషి ఎవరు, ఏ కాపీ నుంచి అడిగారు, దాని ప్రిఫరెన్స్ ఏంటి అన్నీ సర్వర్ వైపు చేతికొస్తాయి. రెస్ట్ ఏపీఐతో తెస్తే ఆ ఏపీఐ మొబైల్ యాప్‌కూ పనికొస్తుంది, కానీ టోకెన్, అనుమతి, వేరే సర్వర్ అయితే కోర్స్ (వేరే సైటు నుంచి డేటా అడగడానికి బ్రౌజర్ కోరే అనుమతి) మీరు చూసుకోవాలి.

లైఫ్‌రే 7లో పేజీ నుంచి పేజీకి వెళ్తే చాలాసార్లు బ్రౌజర్ పూర్తిగా రీలోడ్ అవదు, లోపలి భాగం మాత్రమే మారుతుంది. బస్సు పెట్టెలో సెట్ఇంటర్వల్ (జావాస్క్రిప్ట్ టైమర్) పెట్టి, ఆపడం మరిచిపోతే ఉద్యోగి పే స్లిప్ పేజీకి వెళ్లాక కూడా అది నడుస్తూనే ఉంటుంది. తిరిగి వస్తే ఇంకోటి మొదలవుతుంది. పోర్టల్ పంపే డిస్ట్రాయ్ పోర్ట్‌లెట్ ఈవెంట్ విని టైమర్ ఆపేయాలి, రియాక్ట్ భాగాన్ని దించేయాలి. డెవలపర్ మెషిన్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే మనం నిమిషానికోసారి రీలోడ్ కొడుతూనే ఉంటాం.

ఇంకా, ఉద్యోగి ఈ పేజీ చూసేది తెల్లవారుజామున చిలకపాలెం జంక్షన్‌లో నిలబడి, ఫోన్‌లో. నాలుగు పెట్టెలు నాలుగు రియాక్ట్ కాపీలు దింపుకుంటే బస్సు వచ్చాక పేజీ వస్తుంది.

7. ఐఫ్రేమ్, రిమోట్ పోర్ట్‌లెట్

వేరే సర్వర్‌లో నడిచే పాత అప్లికేషన్‌ను ఐఫ్రేమ్‌లో (పేజీలో ఇంకో పేజీని చూపే కిటికీ) పెట్టడం ఒక పూట పని. దాని లాగిన్ సంగతే చిక్కు. 2020 నుంచి క్రోమ్ వేరే సైటు కుకీలను ఐఫ్రేమ్‌లోకి మామూలుగా పంపదు, కుకీకి సేమ్‌సైట్ సెట్టింగ్ సరిగా లేకపోతే లోపల లాగిన్ పేజీయే తిరుగుతూ ఉంటుంది. ఒక సర్వర్‌లో నడిచే పోర్ట్‌లెట్‌ను ఇంకో పోర్టల్‌లో చూపించే డబ్ల్యూఎస్ఆర్‌పీ అనే రిమోట్ పద్ధతి 2003 నుంచి ఉంది. పాత పోర్టల్‌లో కనిపిస్తే అర్థం చేసుకోండి, కొత్తగా మొదలుపెట్టకండి.

8. పక్కపక్కన పెట్టి ఏడిపించండి

ఇప్పుడు ఒక పరీక్ష పేజీ చేసి మీరు కట్టిన రెండు నమూనాలనూ, ఒక్కోదానికి రెండేసి కాపీలు, అందులో వేయండి.

మొదట ఫారం సబ్మిట్ చేసి వెంటనే ఎఫ్5 కొట్టండి. యాక్షన్ తర్వాత రీడైరెక్ట్ చేయకపోతే లైఫ్‌రేలో అదే యాక్షన్ మళ్లీ నడవొచ్చు. బస్సు రూట్ రెండుసార్లు సేవ్ అయితే నష్టం లేదు, సెలవు రెండుసార్లు పడితే హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వస్తుంది. తర్వాత ఒక కాపీలో రూట్ మార్చి, రెండోది చెక్కు చెదరలేదని చూడండి. వేరే యూజర్‌గా వేరే బ్రౌజర్‌లో తెరిచి అదే చూడండి.

బస్సులు ఎక్కడున్నాయో చెప్పే జీపీఎస్ డేటా ఇచ్చే సర్వర్‌ను ఆపేయండి. ఇది తప్పకుండా చేయాల్సిన పరీక్ష. పోర్టల్ పేజీని సర్వర్‌లోనే కూర్చి పంపుతుంది కాబట్టి రెండర్‌లో మీరు జీపీఎస్ కోసం ముప్పై సెకన్లు ఎదురుచూస్తే పే స్లిప్, సర్క్యులర్లు కూడా ముప్పై సెకన్లు ఆగుతాయి. తిట్లు పడేది పోర్టల్‌కి, కారణం మీ పెట్టె. రెండర్‌లో బయటి సర్వర్‌ను పిలవకండి. పట్టిక ఖాళీ గీసి పంపి, డేటా రిసోర్స్ పిలుపుతో తర్వాత తెచ్చుకోండి, దానికీ రెండు మూడు సెకన్ల టైమవుట్ పెట్టండి. ఆఖరుసారి తెలిసిన స్థానం, అది ఎప్పటిదో టైముతో సహా చూపిస్తే సూపర్‌వైజర్‌కు చాలు.

ఆఖరున, పేజీ తెరిచి గంటసేపు వదిలేయండి. ముప్పై సెకన్లకోసారి డేటా అడిగే పెట్టె, అడిగిన ప్రతిసారీ సర్వర్‌లో సెషన్‌ను తాజా చేస్తుంది. గేటు దగ్గర అందరూ వాడే కంప్యూటర్‌లో ఎవరో లాగౌట్ చేయకుండా వెళ్లిపోతే ఆ సెషన్ చావదు, తర్వాత వచ్చినవాడికి ఆయన జీతం కనిపిస్తుంది. ట్యాబ్ కనిపించనప్పుడు ఇలా పదేపదే అడగడం (పోలింగ్) ఆపండి, కొన్ని నిమిషాలు ఎవరూ ఏమీ నొక్కకపోయినా ఆపండి. లేదా సెషన్‌తో పనిలేని విడి రెస్ట్ చిరునామా నుంచి బస్సుల స్థానం ఇవ్వండి, అందులో రహస్యమేమీ లేదు కదా.

9. ఖాయం చేయండి

ఈ ఫ్యాక్టరీకి నేనైతే ఇలా చేస్తాను. బస్సు పెట్టెకు బయటి గూడు ఎంవీసీ పోర్ట్‌లెట్: రూట్ ప్రిఫరెన్స్, అనుమతులు, తెలుగు పేర్లు అన్నీ పోర్టల్‌వే. లోపల డేటా తెచ్చే పనికి కొద్దిపాటి మామూలు జావాస్క్రిప్ట్, రియాక్ట్ లేకుండా. ఆరు వరసల పట్టికకు అంత హంగామా అక్కర్లేదు. బస్సులను మ్యాప్ మీద కదులుతూ చూపించమని రేపు మేనేజ్‌మెంట్ అడిగితే, అది మాత్రం క్లయింట్ ఎక్స్‌టెన్షన్‌గా విడిగా కడతాను. సెలవు ఫారం ఎంవీసీ. క్యాంటీన్ మెనూ అసలు పోర్ట్‌లెట్టే కాదు, వెబ్ కంటెంట్‌గా పెట్టి మార్చే అనుమతి క్యాంటీన్ మేనేజర్‌కే ఇస్తాను. పోర్ట్‌లెట్ల సగం బ్యాక్‌లాగ్ ఇలా "కోడ్ అక్కర్లేదు" అనడంతోనే కరిగిపోతుంది.

ప్రతి పెట్టె రిపోలో ఒక పేజీ రాసి పెట్టండి: ఏ పద్ధతి, ఎందుకు, ప్రిఫరెన్స్ ఎవరిది, రెండర్‌లో ఏం పిలుస్తుంది, బయటి సర్వర్ పడిపోతే ఏం కనిపిస్తుంది. డిప్లాయ్ చేసే వేళ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను అడిగి పెట్టుకోండి. షిఫ్ట్ బస్సులు దారిలో ఉన్న గంటలో మాత్రం మాడ్యూల్ ముట్టుకోవద్దు.